జడ కొస వయసెంత?

నడుము దిగిన జడ ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయిని, జడ కొస ముందుకు తీసుకుని ఒకసారి చూడమనండి. ఆ కొస ఆమె తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు తలలోంచి బయటికొచ్చింది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే డెబ్బై సెంటీమీటర్ల జడకు దాదాపు ఆరేళ్లు పట్టింది. ఈ ఆరేళ్లలో ఎన్ని తలంట్లు, ఎన్ని ఎండలు, ఎన్నెన్ని దువ్వెన పోట్లు, పెళ్లిళ్లలో ఎన్ని హెయిర్ స్ప్రేలు, ఎన్ని బకెట్ల బోరు నీళ్లు! అన్నీ ఆ కొస మీద నుంచే పోయాయి. అదే వెంట్రుకలో కుదురు దగ్గరున్న ముక్క మాత్రం పోయిన నెల పుట్టింది.

జుట్టు గురించి మనం పడే గందరగోళంలో సగం ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే. జుట్టు పెరగడం ఒక సంగతి, పెరిగింది నిలవడం ఇంకో సంగతి. మొదటిది చర్మం కింద, చాలావరకు మన చేతికందని చోట నడిచే వ్యవహారం. రెండోది దాదాపు పూర్తిగా మన చేతుల్లోనే ఉంది. మన డబ్బూ ఓపికా మాత్రం ఎక్కువగా మొదటిదాని మీదే ఖర్చవుతాయి.

ముందు చర్మం కిందికి వెళ్దాం. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతిదానికీ చర్మంలో ఒక రోమకూపం, అదే మనం కుదురు అనేది. బిడ్డ తల్లి కడుపులో అయిదు నెలలు నిండేసరికే ఈ కుదుళ్ల లెక్క తేలిపోతుంది. పుట్టాక తల మీద కొత్త కుదుళ్లు మొలవవు. కుదురు అడుగున ఉబ్బెత్తుగా ఉండే చోట కణాలు గబగబా విభజన చెందుతుంటాయి. ఒంట్లో అత్యంత వేగంగా విభజన చెందే కణాల్లో ఇవీ ఉన్నాయి. క్యాన్సర్‌కు కీమోథెరపీ చేయించుకునేవారికి జుట్టు ఊడేది అందుకే. ఆ మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి, ఆ దెబ్బ వీటికీ తగులుతుంది. కొత్త కణాలు పాతవాటిని పైకి నెడతాయి. పైకి వెళ్తూ వెళ్తూ అవి కెరాటిన్ అనే ప్రొటీన్‌తో నిండిపోయి చనిపోతాయి. వెంట్రుక చర్మం దాటి వెలుగు చూసేసరికి అందులో రక్తమూ ఉండదు, నరమూ ఉండదు, ప్రాణమూ ఉండదు. కత్తిరిస్తే నొప్పి లేకపోవడం ఇందుకే. లాగితే ప్రాణం పోయినట్టుండేది మాత్రం ప్రాణమున్న కుదురు వల్ల.

కుదురు జీవితాంతం ఆగకుండా పనిచేయదు. రెండు నుంచి ఏడేళ్ల పాటు వెంట్రుకను పెంచుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో పని కట్టిపెట్టి కుంచించుకుపోతుంది. ఆపైన సుమారు మూడు నెలలు విశ్రాంతి. ఆ విశ్రాంతి ముగిశాక పాత వెంట్రుక రాలిపోతుంది, కుదురు మళ్లీ కొత్తదాన్ని మొదలుపెడుతుంది. మనిషి తలలో కుదుళ్లన్నీ ఒకేసారి విశ్రాంతి తీసుకోవు, దేని క్యాలెండరు దానిదే. ఏ రోజు చూసినా నూటికి 85 నుంచి 90 కుదుళ్లు పెంచే పనిలోనే ఉంటాయి. మిగిలినవి రాల్చే వరసలో ఉంటాయి కాబట్టి రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం జబ్బు కాదు. రెండు రోజులు దువ్వకుండా మూడో రోజు దువ్వితే రాలవలసినవన్నీ ఒకేసారి చేతికొస్తాయి. అది చూసి గుండె గుభేలుమనిపించుకోనక్కర్లేదు.

‘నా జుట్టు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది, ఎంత చేసినా పెరగడం లేదు’ అనేవారికి జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. కుదురు మూడేళ్లే పనిచేసే రకమైతే వెంట్రుక 36 సెంటీమీటర్ల దగ్గర రాలిపోతుంది. ఆరేళ్లయితే నడుము దాకా వస్తుంది. కనురెప్పల వెంట్రుకలకు ఈ పెరిగే దశ ఒకటి నుంచి మూడు నెలలే. లేకపోతే రోజూ పొద్దున్నే కనురెప్పలకు జడ వేసుకోవలసి వచ్చేది. దీనికి అవతలి కొసన చైనాకు చెందిన షీ చ్యూపింగ్ ఉన్నారు. 1973లో, పదమూడేళ్ల వయసులో జుట్టు పెంచడం మొదలుపెట్టారు. 2004లో గిన్నిస్ వాళ్లు కొలిస్తే 5.627 మీటర్లు వచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా విశ్రాంతికి వెళ్లని కుదుళ్లు ఆమెవి. అది ఏ నూనె చలవో కాదు, పుట్టుకతో వచ్చింది. పెరిగే దశకు ‘ఇక చాలు’ అని చెప్పే జన్యువు ఒకటుంది, పేరు ఎఫ్‌జీఎఫ్5. అది పాడైతే ఎలుకలకు బొచ్చు బారుగా పెరుగుతుందని 1994లో తేలింది. అదే జన్యువులో లోపం ఉన్న కొన్ని పాకిస్తానీ కుటుంబాల్లో కనురెప్పల వెంట్రుకలు అసాధారణంగా పొడవు పెరిగాయని 2014లో పరిశోధకులు గుర్తించారు. మా అమ్మమ్మకు మోకాళ్ల దాకా ఉండేది అని చెప్పుకునే ఇళ్లలో, ఆ ఘనతలో మందార ఆకులకంటే ఇలాంటి వారసత్వానికే ఎక్కువ వాటా ఇవ్వాలి.

ఇక గుండు సంగతి. తిరుమల కల్యాణకట్టలో ఏటా లక్షల మంది తలనీలాలు సమర్పిస్తారు. మొక్కు మొక్కే. దానికి మనవాళ్లు ఒక లాభం కూడా కలిపారు: గుండు చేయిస్తే ఈసారి జుట్టు ఒత్తుగా వస్తుందట. పలచటి జుట్టున్న పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించాక కూడా రెండోసారి, మూడోసారి గుండు గీయించే తల్లులున్నారు. క్షురకుడి కత్తి తాకేది చర్మం పైన ఉన్న ప్రాణం లేని వెంట్రుకను. జుట్టును తయారుచేసే కణాలు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉంటాయి. పైన ఏం జరిగిందో వాటికి కబురే అందదు. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గడ్డం గీసుకునే మగవాళ్ల వెంట్రుకలను కొలిచి, గీసినందువల్ల మందం గానీ వేగం గానీ మారడం లేదని 1928లోనే ప్రచురించారు. దాదాపు వందేళ్లయింది.

మరి చేతికి గరుకుగా, ఒత్తుగా ఎందుకు తగులుతుంది? మామూలు వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. గీసిన వెంట్రుక అడ్డంగా తెగి, మొద్దు కొసతో పైకొస్తుంది. పైగా అన్నీ ఒకే పొడవు. పసిపిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. వాళ్ల మెత్తటి నూగుజుట్టు వయసుతోపాటు ఎటూ ముదిరి నల్లబడుతుంది. గుండు చేయించకపోయినా అదే జరిగేది. మనం మధ్యలో గుండు చేయించాం కాబట్టి పేరు గుండుకు దక్కింది. గుండు వల్ల నిజంగా ఒరిగేది మాత్రం ఒకటుంది. చిట్లిపోయిన పాత కొసలన్నీ పోయి, తల మీద ఉన్నదంతా కొత్త సరుకవుతుంది.

రాలడం దగ్గరికి వద్దాం. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలను ఉండచుట్టి పారేసే ముందు రెండు మూడింటిని ముదురు రంగు గుడ్డ మీద పరిచి చూడండి. ఒక చివర సూది మొనంత తెల్లటి బొడిపె కనిపిస్తే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. తన కాలం తీరి రాలింది. బొడిపె లేకుండా రెండు చివరలూ మామూలుగా ఉండి, పొడవు కూడా పొట్టిగా ఉంటే అది విరిగిన వెంట్రుక. ఊడినదానికి కారణం ఒంట్లో వెతకాలి, విరిగినదానికి బాత్‌రూమ్‌లో వెతకాలి. చాలామంది ఈ రెంటినీ కలిపేసి ‘జుట్టు ఊడుతోంది’ అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని దుకాణంవాడు ఏదైనా అమ్మగలడు.

ఊడడంలో మనల్ని బాగా తికమకపెట్టేది ఆలస్యం. తీవ్రమైన జ్వరం, పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి మానేయడం, గట్టి మానసిక దెబ్బ వంటివి తగిలినప్పుడు, పెరిగే దశలో ఉన్న కుదుళ్లు చాలా ఎక్కువ సంఖ్యలో ఒకేసారి విశ్రాంతికి వెళ్లిపోతాయి. విశ్రాంతి సుమారు మూడు నెలలు కదా, వెంట్రుకలు గుత్తులుగా రాలేదీ ఆ తర్వాతే. దీన్ని ‘టెలోజన్ ఎఫ్లూవియం’ పేరుతో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు 1961లో వివరించారు. ఆగస్టులో డెంగీ వస్తుంది, తగ్గిపోతుంది, మరిచిపోతాం. నవంబరులో తల మీద చెయ్యి వేస్తే గుప్పెడు ఊడి వస్తుంది. అప్పటికి పదిహేను రోజుల కిందట మార్చిన షాంపూ మీద నేరం పడుతుంది. కోవిడ్ తర్వాత ఇంటింటా చూసింది ఇదే. కుదుళ్లు చచ్చిపోలేదు, పడుకున్నాయంతే. కారణం తీరిపోతే చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు దానంతటదే తిరిగొస్తుంది. ఈలోగా ఏ నూనె రాసుకున్నా ఆ నూనెకే కీర్తి!

బాలింతల జుట్టు రాలేదీ ఈ దారినే. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండడంతో రాలవలసిన వెంట్రుకలు కూడా పెరిగే దశలోనే ఉండిపోతాయి. ఆ నెలల్లో జడ లావెక్కేది అందుకే. కాన్పయ్యాక హార్మోన్లు పడిపోతాయి, రెండు నుంచి నాలుగు నెలల్లో బాకీ అంతా ఒకేసారి రాలుతుంది. బిడ్డ తల్లిని గుర్తుపట్టి నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు ఊడుతుందని కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. పసివాళ్లు మనిషిని చూసి నవ్వే వయసు రెండు మూడు నెలలు. కారణం తప్పు, కాలం మాత్రం ఎంత ఖచ్చితంగా పట్టుకున్నారో!

హైదరాబాద్ హాస్టల్‌కు వచ్చిన ప్రతి పిల్లా ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాట: ‘అమ్మా, ఇక్కడ బోరు నీళ్లకు జుట్టంతా పోతోందే!’ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే సబ్బు నురగ రాదు, తెట్టు కట్టి వెంట్రుకను అంటుకుంటుంది. జుట్టు గడ్డిలా గరుకెక్కి చిక్కుపడుతుంది, దువ్వితే విరుగుతుంది. ఇదంతా నిజమే. అయితే ఆ నీళ్లు చర్మం కింది కుదురు దాకా చేరి దాన్ని పెకలించవు. తెల్లటి బొడిపెతో ఊడుతుంటే, గడిచిన మూడు నాలుగు నెలలు ఎలా గడిచాయో అడగాలి. ఇల్లు మారింది, తిండి మారింది, పొద్దున్న టిఫిన్ మానేసింది, పరీక్షల భయం, నిద్ర లేదు, మధ్యలో ఒక టైఫాయిడ్. నిందంతా మోసేది పాపం ఆ కుళాయి.

తిండి విషయంలో ముందుగా చూసుకోవలసింది ఇనుము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కాబట్టి జుట్టు ఊడుతోందంటూ వచ్చిన అమ్మాయికి డాక్టర్లు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాయడం డబ్బు గుంజడానికి కాదు. వెంట్రుక అంటేనే ప్రొటీన్ గనుక పప్పు, గుడ్డు, పాలు, చేపలు తగ్గించి బరువు దిగేవారికి ముందు పలచబడేది జడే. బయోటిన్ మాత్రల గోల మాత్రం వేరు. బయోటిన్ లోపం చాలా అరుదు, లోపం లేనివారికి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా అది కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా అందులో ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో ఈ విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకు వెళ్లేముందు ఆ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పాలి.

నిరూపణకు నిలబడిన మందుల్లో మినాక్సిడిల్ ఒకటి. దాని కథ తమాషాగా ఉంటుంది. అది రక్తపోటు మాత్ర. వాడినవారికి ఒళ్లంతా వెంట్రుకలు మొలుస్తుంటే, ఆ దుష్ఫలితాన్నే పట్టుకుని తలకు రాసుకునే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట్లో జుట్టు ఇంకాస్త రాలుతుంది. విశ్రాంతిలో ఉన్న కుదుళ్లను అది పనికి లేపుతుంది గనుక పాత వెంట్రుకలు దిగిపోతాయి. ఇది తెలియక నెల తిరక్కుండానే సీసా గిరాటేసేవాళ్లున్నారు. వాడడం మానేస్తే వచ్చిన లాభం కూడా పోతుంది. పాపిట రానురాను వెడల్పు కావడం, కణతల దగ్గర జుట్టు వెనక్కి పోవడం వంశపారంపర్యంగా వచ్చే బట్టతల లక్షణాలు. అక్కడ కుదుళ్లు హార్మోన్ల ప్రభావంతో మెల్లగా చిన్నవైపోతుంటాయి, ఎంత తొందరగా చూపించుకుంటే అంత మేలు. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. అందులో పేను చేసిన పాపం ఏమీ లేదు. సొంత రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు చర్మం పైకి వద్దాం. పొడవాటి వెంట్రుకను ఒకటి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, నిలువునా ముందుకీ వెనక్కీ రాస్తూ ఉండండి. అది ఒకవైపుకే జరుగుతూ పోతుంది, ఎప్పుడూ కుదురు ఉన్న దిక్కుకే. వెంట్రుక పైన పెంకుటింటి కప్పులా పొరలు పొరలుగా సన్నటి పొలుసులు పేర్చి ఉంటాయి, వాటి అంచులన్నీ కొసవైపు చూస్తుంటాయి. అందుకే కుదురు నుంచి కొసకు వేలు జారిస్తే నున్నగా, కొస నుంచి పైకి జారిస్తే గరుకుగా తగులుతుంది. లోపలి గుజ్జును కాపాడేది ఈ పొలుసులే. జుట్టు మెరిసినా, చిక్కుపడకుండా జారినా వీటి చలవే. తిరుమల జుట్టుకు ప్రపంచ మార్కెట్లో గిరాకీ ఉండడంలో ఈ పొలుసుల పాత్ర పెద్దది. జడను జడగా తీసినప్పుడు కుదుళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉంటాయి. విగ్గుగా కుట్టినా పొలుసులు ఒకే దిశలో ఉండి చిక్కుపడవు. ఊళ్లలో స్టీలు గిన్నెలిచ్చి కొనుక్కుపోయే చిక్కువెంట్రుకల్లో తలా తోకా కలిసిపోయి ఉంటాయి. వాటికి పొలుసులను రసాయనాలతో కరిగించి, సిలికాన్ పూత పూస్తే తప్ప నిగారింపు రాదు.

కొసలకొచ్చేసరికి ఆరేళ్ల రాపిడికి పొలుసులు అరిగిపోయి, లోపలి పోగులు బయటపడి, వెంట్రుక రెండుగా చిట్లుతుంది. చిట్లినదాన్ని అతికించే మందు లేదు. కండిషనర్ చేసేది పైన పూత వేసి రాపిడి తగ్గించడం, అది కూడా తక్కువ మేలేమీ కాదు.

నీళ్లు తగిలితే వెంట్రుక ఉబ్బి, సులువుగా సాగుతుంది. లోపలి ప్రొటీన్లను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడికి తెగిపోతాయి. తడి జుట్టును సన్నపళ్ల దువ్వెనతో పైనుంచి కిందికి బరబరా దువ్వడమంత చెడ్డ అలవాటు ఇంకోటి లేదు. వెడల్పు పళ్ల దువ్వెన తీసుకుని కొసల దగ్గర మొదలుపెట్టి, చిక్కు విప్పుకుంటూ పైకి రావాలి.

ఇక్కడే కొబ్బరినూనె తన విలువ చూపిస్తుంది. ఆర్తి రేలే, మోహిలే అనే ఇద్దరు 2003లో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ రాసిన వెంట్రుకలను పోల్చి చూశారు. కడిగినప్పుడు, దువ్వినప్పుడు వెంట్రుక నుంచి పోయే ప్రొటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్న అణువు, నిటారుగా ఉంటుంది, వెంట్రుక లోపలికి దూరగలదు. మిగతావి పైపైనే ఉండిపోతాయి. ఆ పరిశోధకులు ప్యారాచూట్ నూనె అమ్మే మారికో కంపెనీ వారేనన్నది కూడా చెప్పాలి. అయినా ఆ ఫలితంలో రసాయనశాస్త్రపరంగా అర్థముంది. తలంటుకు ముందు నూనె పట్టించే మన పద్ధతి సరైనదే, నూనె పట్టిన వెంట్రుక నీటికి అంతగా ఉబ్బదు. కానీ నూనె కుదుళ్లను ‘బలపరచదు’. చుండ్రు ఉన్న మాడుకు నూనె దట్టించడం మంచిది కాదు. చుండ్రుతో ముడిపడిన మలసీజియా అనే శిలీంధ్రానికి కొవ్వే ఆహారం. జడకు రాయండి, మాడును వదిలేయండి.

కుంకుడు రసం కళ్లలో పడి ఏడవని బాల్యం మనవాళ్లలో తక్కువ. కుంకుడు, శీకాయల్లో ఉండే సాపోనిన్లు నురగనిచ్చి జిడ్డు వదిలిస్తాయి. క్షారగుణం ఉన్న ఒంటిసబ్బులా అవి పొలుసులను లేపవు. అంతవరకు మంచివే. జుట్టు పెంచుతాయన్నది మాత్రం వాటి మీద మనం పెట్టిన అదనపు బరువు. వారానికి రెండుసార్లు షాంపూతో కడుక్కునేవారు ఏదో అపచారం చేసినట్టు బాధపడనక్కర్లేదు.

అసలు అపచారం వేడి. తడి ఆరని జుట్టు మీద ఇస్త్రీలాంటి స్ట్రెయిటనర్ పెడితే లోపలి నీరు ఆవిరై, వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి. మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపిస్తాయి. ఆ బుడగ ఉన్నచోటే వెంట్రుక పుటుక్కుమంటుంది. సెలూన్లలో జుట్టు సాపు చేసే క్రీముల జోలికి ఇంకా జాగ్రత్తగా వెళ్లాలి. గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉన్న క్రీము వాడిన ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక యువతి ఉదంతాన్ని 2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. క్రీముపెట్టె వెనక సన్నక్షరాలు చదవడం అలవాటు చేసుకోవాలి.

జడ వేసుకోవడమే మంచి రక్షణ, వెంట్రుకలు ఒకదానికొకటి, బట్టలకూ రాసుకోకుండా ఉంటాయి. అయితే కళ్లు పైకి లాగేసేంత బిగుతుగా కాదు. ఏళ్ల తరబడి బిగించి కడితే నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. మొదట్లో వదులు చేస్తే తిరిగొస్తుంది. కుదురు మచ్చకట్టాక రాదు.

చివరికి కత్తెర. కొసలు కత్తిరిస్తే జుట్టు త్వరగా పెరుగుతుందంటారు. కొసన ఏం జరిగిందో కుదురుకు తెలియదని పైనే చూశాం. చిట్లిన మేర తీసేస్తే ఆ చీలిక పైకి పాకదు, అంతే. లెక్క కూడా చూసుకోవాలి. రెండు నెలలకు పెరిగేది రెండు సెంటీమీటర్లు. రెండు నెలలకోసారి పార్లర్‌కు వెళ్లి అంగుళం తీయించుకుంటే పోయేది రెండున్నర. జుట్టు పెంచుకుంటున్నామని అనుకుంటూ తగ్గించుకుంటూ పోతున్నట్టే. మూడు నాలుగు నెలలకోసారి సెంటీమీటరు చాలు. కత్తెర పట్టుకున్నావిడ ‘కొంచెమే మేడమ్’ అన్నప్పుడు, ఆవిడ వేళ్ల కింద వేలాడుతున్నది ఎంతో కత్తిరించకముందే అద్దంలో చూసుకోండి.